రోజూ గీస్తున్నా చేయి తిరగడం లేదు... మానేయనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. అకౌంట్స్ ఉద్యోగం. చిన్నప్పుడు నోటు పుస్తకాల చివరి పేజీల నిండా బొమ్మలే ఉండేవి. చదువు, పెళ్లి, పాప... వీటి మధ్య అదంతా పోయింది. ఆరు నెలల క్రితం, కంప్యూటర్‌కు కలుపుకుని గీసే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ కొనుక్కుని డిజిటల్ పెయింటింగ్ మొదలుపెట్టాను. రోజుకో బొమ్మ పూర్తి చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలని నియమం పెట్టుకుని 71 రోజులు చేశాను. పాపకు జ్వరం రావడంతో నాలుగు రోజులు ఆగిపోయింది. అప్పటి నుంచి పెన్ను పట్టుకుంటే ఏడుపొస్తోంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు అద్భుతంగా వేస్తున్నారు. నేను ఒక్క కనురెప్ప గీత కోసం అరగంట గీసి చెరిపి, గీసి చెరిపి కూర్చుంటాను. "రాత్రిళ్లు నిద్ర మానుకుని ఏం సాధిద్దామని?" అంటారు మా ఆయన. మొన్న పాప బొమ్మ వేశాను. ముక్కు కుదరలేదని విసుగొచ్చి డిలీట్ చేశాను. "నా బొమ్మ ఏదమ్మా?" అని పాప అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఈ వయసులో ఇదంతా నాకెందుకు? మానేయడమే మంచిదా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మానేయాల్సింది ఒకటుంది, రోజుకో బొమ్మ పూర్తి చేసి నలుగురికీ చూపించాలన్న ఆ నియమం. సరళీ స్వరాలు నేర్చుకుంటున్నవాళ్లు రోజూ సాయంత్రం కచేరీ చేయరు. చేస్తే ఏమవుతుంది? గొంతు కుదరని చోట ఆగి పదిసార్లు పాడుకునే తీరిక ఉండదు, వచ్చిన నాలుగు ముక్కలే తిప్పితిప్పి పాడాల్సి వస్తుంది. మీ 71 రోజులు అలాగే గడిచి ఉంటాయి. రాత్రి పదకొండింటికి బొమ్మ పోస్ట్ చేయాలంటే బొమ్మలో మనిషి చేతులు ఎలా వేయాలో నేర్చుకోవడం కుదరదు, వాటిని జేబులో దాచేయడమే కుదురుతుంది.

సాధన అంటే బొమ్మ పాడవడానికి చోటివ్వడం. ఆ చోటు మీకు ఒక్క రోజు కూడా దొరకలేదు. మీకు చేయి తిరగడం లేదో, మీ నియమం తిరగనివ్వడం లేదో తేల్చుకునే అవకాశమే ఇంతవరకూ రాలేదు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ కనురెప్ప గురించి. స్క్రీన్ లేని ట్యాబ్లెట్ మీదే నేనూ మొదలుపెట్టాను కాబట్టి ఆ అరగంట ఎలా గడిచిందో ఊహించగలను. చేయి బల్ల మీద ఉంటుంది, చూపు ఎదురుగా తెర మీద ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి అర్థం చేసుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. కాగితం మీద చక్కగా గీసేవాళ్ల గీత కూడా మొదట్లో వణుకుతుంది. అక్కడ మనం చేసే పొరపాటు ఏమిటంటే, కంటిని జూమ్ చేస్తాం. 400 శాతం పెంచితే కనురెప్ప గీత రోడ్డంత కనిపిస్తుంది. అందులో ప్రతి వణుకూ గుంతలా ఉంటుంది. అన్‌డూ కొట్టి గీతను తీసేయడం, మళ్లీ గీత, మళ్లీ అన్‌డూ. తీరా బొమ్మంతా చూస్తే ఆ గీత వెంట్రుకంత కూడా ఉండదు.

అన్‌డూతో ఇంకో నష్టం ఉంది. కాగితం మీద తప్పు గీత అలాగే ఉండిపోతుంది. కన్ను దాన్ని చూసి, రెండో గీతను కాస్త పక్కకు జరుపుతుంది. తప్పు కళ్లముందు ఉండటం వల్లే దిద్దుబాటు వస్తుంది. అన్‌డూ కొట్టగానే ఆ ఆధారం పోతుంది, మళ్లీ అదే తప్పు గీత గీస్తాం. కాబట్టి సాధన చేసే ఫైలులో ఒకే లేయర్ (బొమ్మ గీసే పొర), అంచు మసకబారని ఒకే గట్టి గుండ్రటి బ్రష్ పెట్టుకోండి. అన్‌డూ వాడకండి. జూమ్ ముట్టుకోకండి. కనురెప్ప రాకపోతే దాని పక్కనే ఇంకోటి గీయండి, ఆ పక్కన ఇంకోటి. పేజీ నిండా ఇరవై కళ్లు పడ్డాక మొదటిదీ ఇరవయ్యోదీ చూసుకోండి. పొడవు గీతలకు మణికట్టు కదపకుండా భుజం నుంచి చేయి కదిపితే వణుకు చాలావరకు తగ్గుతుంది.

ఇక పాప ముక్కు. అది కుదరకపోవడానికి కారణం మీ వయసూ కాదు, తెలివీ కాదు. ముక్కుకు నిజానికి అంచు గీత ఉండదు. పక్క వైపు కాస్త నీడ, కింద మరికాస్త ముదురు నీడ, కొన మీద చిన్న వెలుగు, అంతే. మనం దానికి గీతలు గీస్తాం. అందులోనూ పిల్లల ముక్కు దూలం పల్లంగా, మెత్తగా ఉంటుంది. అక్కడ గట్టి గీత పడితే ఐదేళ్ల పిల్లకు ముప్పై ఏళ్లొస్తాయి. ఇంకో సంగతి గమనించండి. పెద్దవాళ్ల తలలో కళ్లు ఇంచుమించు సగం ఎత్తులో ఉంటాయి. పిల్లల్లో అంతకంటే కిందికి ఉంటాయి, నుదురు పెద్దది. కళ్లు పైకి పెట్టేసి ముక్కును ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు. పాప ఫొటో పక్కన పెట్టుకుని కళ్లు చికిలించి చూడండి. వివరాలన్నీ పోయి లేత, మధ్యరకం, ముదురు అని మూడు బూడిదరంగు ముక్కలు మిగులుతాయి. ముందు వాటినే పెద్ద బ్రష్‌తో పెట్టండి. రంగుల జోలికి రెండు నెలల దాకా వెళ్లకండి. ఎక్కడో తేడాగా ఉంది కానీ ఏమిటో తెలియడం లేదు అనిపిస్తే కాన్వాస్‌ను అడ్డంగా ఫ్లిప్ చేసి అద్దంలో చూసినట్టు తిరగేయండి, వంకర వెంటనే బయటపడుతుంది.

రోజుకి పాతిక నిమిషాలు చాలు. మొదటి ఐదూ గీతలకు, సున్నాలకు. తరవాత పావుగంట ఎదురుగా ఉన్న ఏదో ఒక వస్తువును చూసి బూడిదరంగులో వేయండి. చెప్పు, గ్లాసు, మీ ఎడమ చేయి, ఏదైనా సరే. మిగిలిన ఐదు నిమిషాలూ మీ ఇష్టం, నోటు పుస్తకం చివరి పేజీలో గీసినట్టు గీసుకోండి. దయచేసి ఆ ఐదు నిమిషాలు ఎగ్గొట్టకండి. మీరు ఈ పనిలోకి వచ్చిందే దానికోసం. ఒంట్లో బాగాలేని రోజున, పాపకు బాగాలేని రోజున ఫైలు తెరిచి ఒక్క గ్లాసు గీసి మూసేయండి. అదీ కుదరకపోతే వదిలేయండి. జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన కూర్చున్న నాలుగు రోజుల్ని తప్పుల ఖాతాలో ఎలా రాసుకున్నారమ్మా? పూర్తి బొమ్మ కావాలంటే నెలకొకటి మొదలుపెట్టి సెలవు రోజుల్లో తీరిగ్గా వేసుకోండి. మూడు నెలలు ఏదీ పోస్ట్ చేయకండి. ఫైళ్లకు తేదీ పేరు పెట్టి దాచుకోండి.

వయసు గురించి ఒక్క మాట. విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్లప్పుడు. మొదలుపెట్టింది కూడా ఫ్రెంచ్ చిత్రకారుడు చార్ల్స్ బార్గ్ అభ్యాస చిత్రాలను ఒక్కొక్కటీ చూసి దించుకుంటూనే. ఆ తొలి రోజుల బొమ్మల్లో మనుషులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు చూసే 21 ఏళ్లవాళ్లలో చాలామంది పదేళ్ల వయసు నుంచీ ఆపకుండా గీస్తున్నవాళ్లు. మీకూ వాళ్లకూ తేడా గీసిన గంటల్లో ఉంది. ఆ గంటలు మీకు నెమ్మదిగానే పోగవుతాయి, ఉద్యోగం, ఇల్లు ఉన్నాయి కనుక. ఇది దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈ పనిని ఉద్యోగంగా మార్చుకోవాలన్న ఆలోచన ఉంటే అది వేరే లెక్క, మళ్లీ రాయండి, మాట్లాడదాం.

మీవారి మాటలో నాకు మొదట వినిపించింది నిద్ర. "ఏం సాధిద్దామని" అన్నది మీకు గుచ్చుకుంది, అది సహజమే. ఆ మాట మరోలా అని ఉండొచ్చు. కానీ మీరు ఆయనకు ఇప్పటిదాకా పూర్తయిన బొమ్మలే చూపించి ఉంటారు, ఇది మీకెందుకు కావాలో చెప్పి ఉండరు. నోటు పుస్తకాల సంగతి నాకు రాసినట్టే ఆయనకూ చెప్పండి. "నాకు సపోర్ట్ చేయడం లేదు" అంటే మనిషికి ఏం చేయాలో తెలియదు. "తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా పాపను మీరు చూసుకోండి, పదిన్నరకల్లా నేను పడుకుంటాను" అంటే తెలుస్తుంది. రెండో సగం మీరు మాట తప్పకూడదు. నిద్ర చాలని కంటికి నీడలు కనిపించవు, మర్నాటి ఆఫీసు టెన్షన్ అదనం. గీసేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి. మణికట్టు నొప్పి పుడితే ఓర్చుకోకుండా ఆ రోజుకి ఆపేయండి.

ఏడుపు సంగతి తేలిగ్గా తీసుకోలేను. పెన్ను పట్టుకున్నప్పుడే వస్తుంటే ఈ నియమం దించేశాక తగ్గుతుందని నా నమ్మకం. మిగతా వేళల్లోనూ దిగులుగా ఉండి, నిద్రా ఆకలీ దెబ్బతిని, రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్‌ను కలవండి. బొమ్మల మీదకు నెట్టేయకండి.

పాప ప్రశ్నకు ఇంకా జవాబు బాకీ ఉంది. డిలీట్ చేసింది మొన్ననే కదా, రీసైకిల్ బిన్ ఖాళీ చేయకపోతే ఆ ఫైలు అక్కడే ఉండొచ్చు. ఈ రాత్రి వెతకండి. దొరికితే ముక్కు ముట్టుకోకుండా, అలాగే పాపకు చూపించండి. దొరకకపోతే పాపను ఎదురుగా పది నిమిషాలు కూర్చోబెట్టుకోండి. కదులుతుంది, కదలనివ్వండి.