సరుగుడు రెమ్మ

చిరంజీవి మనవరాలికి, తాత ఆశీర్వదించి వ్రాయునది.

సోమవారం నుంచి తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పబోతున్నావని, మొదటి పాఠం జీవుల లక్షణాలు, వర్గీకరణ అని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ సాయంత్రమంతా వీధి అరుగు మీద కూర్చుని వచ్చిన వారందరికీ ఆ మాటే చెప్పాను, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పోషణ, శ్వాసక్రియ, పెరుగుదల, విసర్జన, ప్రత్యుత్పత్తి, ప్రేరణకు స్పందన: ఇవి పుస్తకంలో ఉన్నవే, నల్లబల్ల మీద వ్రాయడానికి ఐదు నిమిషాలు చాలు. అయితే ఏ ఒక్క లక్షణాన్నీ విడిగా పట్టుకోనివ్వకు. నౌపడ మడుల్లో ఉప్పు స్ఫటికమూ పెరుగుతుంది, కానీ పైపైన పొర చేరి పెరుగుతుంది. జీవి తిన్నదాన్ని తనలో కలుపుకొని లోపలి నుంచి పెరుగుతుంది. కంచరగాడిదకు సాధారణంగా పిల్లలు పుట్టవు, అంతమాత్రాన అది నిర్జీవం కాదు. గాదెలోని విత్తనాల ధాన్యం కదలదు, మెదలదు, అయినా లోలోపల ఊపిరి తీస్తూనే ఉంటుంది.

వర్గీకరణ దగ్గరే నా భయం. రూపాన్ని చూసి బంధుత్వం చెప్పేయడం మన వృత్తిలో చాలా సులువైన తప్పు, అది నేను చేశాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు పిల్లలను సముద్రపు ఒడ్డున సరుగుడు తోటకు తీసుకువెళ్లాను. సూదుల్లాంటి ఆకులు, గట్టి కాయలు చూపించి, ఇది పైన్ జాతికి చుట్టమనీ, వివృతబీజమనీ, అంటే పువ్వు పూయక, గింజలు కాయలో దాగక బయటే ఉండే మొక్క అనీ గట్టిగా చెప్పాను. పొయ్యిలోకి రోజూ సరుగుడు చిదుగులు ఏరే ఒక పిల్లవాడు లేచి, "మేస్టారూ, ఇది ఆకు కాదండి, రెమ్మండి. సూడండి, అతుకులున్నాయి" అని ఒక సూదిని గణుపు దగ్గర పుటుక్కున ఊడదీసి చూపాడు. నలుగురూ నవ్వారు. నాకు చిన్నతనంగా తోచి, కూర్చోమని కసిరాను. ఆ రాత్రి దీపం కింద భూతద్దంతో చూస్తే, ప్రతి గణుపు చుట్టూ ఆరేడు సన్నని పళ్లు కనిపించాయి. అవే దాని ఆకులు! పచ్చని సూది మొత్తం కాండమే. ఆడచెట్టు కొమ్మ మీద ఎర్రటి చిన్న పూగుత్తి కూడా ఉంది. పువ్వు పూసే చెట్టు వివృతబీజం ఎలా అవుతుంది?

మరునాడు తరగతిలో ఆ మాట చెప్పవలసింది. చెప్పలేదు. అర్ధ సంవత్సర పరీక్షలో ఆ పిల్లవాడు నేను చెప్పినట్టే సరుగుడును వివృతబీజాల్లో వ్రాశాడు, నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టి పూర్తి మార్కులు వేశాను. తన కళ్లతో చూసినదాన్ని నా కోసం వదులుకున్నాడే, తల్లీ, అది ఈనాటికీ నన్ను వదలలేదు.

శాస్త్రంలో పెద్దవారూ వర్గాల గీతలు మార్చుకున్నారు. లిన్నేయస్ 1735లో జీవులను మొక్కలు, జంతువులు అని రెండు రాజ్యాలు, అంటే రెండు పెద్ద వర్గాలు చేస్తే, 1969లో విట్టేకర్ ఐదు రాజ్యాలు చేసి పుట్టగొడుగును మొక్కల నుంచి వేరుచేశాడు. 1977లో వోస్, ఫాక్స్ బ్యాక్టీరియాల్లా కనిపించే కొన్ని జీవులను కణంలోని ఆర్‌ఎన్‌ఏ పోలికల ఆధారంగా విడదీశారు. ఇవన్నీ కంఠస్థం చేయించకు, మార్చవలసి వచ్చిందని చెప్పు చాలు.

వర్గీకరణ ఎందుకని పిల్లలు అడిగితే పలాస జీడిపప్పు చూపించు. జీడిమామిడి, మామిడి, నల్లజీడి ఒకే కుటుంబం, అనకార్డియేసి. జీడి తొక్క నూనెకు చేతులు బొబ్బలెక్కినవారు నల్లజీడి రసంతోనూ జాగ్రత్తగా ఉండాలని ఆ చుట్టరికమే చెబుతుంది. మామిడి సొన మంట కూడా ఆ ఇంటిదే.

పిల్లలను ఒడ్డుకు తీసుకువెళితే నీళ్లలోకి మాత్రం దిగనివ్వకు. వంశధార మొగ దగ్గర ఇసుక కాలి కింద నుంచి జారిపోతుంది. నవ్వుకో, కానీ విను.

నా భూతద్దం మీ నాన్నతో పంపుతున్నాను. పిడి వదులైతే దారం చుట్టాను. దానితో పాటే తడి గుడ్డలో రెండు సరుగుడు రెమ్మలున్నాయి, వాడిపోకముందే గణుపు దగ్గర ఊడదీసి చూడు.

ఇట్లు,
మీ తాత, కళింగపట్నం