ఎదుటివాళ్ల ముక్కలు కనిపిస్తే పోకర్‌లో ప్రతి ఆటా గెలవచ్చా?

గెలవలేరు. ఒక్కొక్కరికి చేతిలో రెండు ముక్కలు, అందరికీ ఉమ్మడిగా టేబుల్ మీద ఐదు పడే ఆట ఇది. చేతిలో ముక్కలు కనిపించినా, పేకలో ఇంకా పడనివి కనిపించవు కదా. మీకు రెండు ఆసులు, అతనికి రెండు రాజులు అని తెలిసే చిప్స్ అన్నీ తోసినా నూటికి 18 సార్లు అతనే పట్టుకుపోతాడు. ఆసు-రాజు వేర్వేరు గుర్తుల్లో వచ్చి, ఎదుట రెండు రాణులు కనిపిస్తే మీకున్నది 43 శాతం. అది తెలిసినంత మాత్రాన ధనవంతులైపోరు.

ఫ్లాప్ (టేబుల్ మీద పడే మొదటి మూడు ముక్కలు), టర్న్ (నాలుగోది) దగ్గర కూడా తేడా చాలాసార్లు చిన్నదే. టర్న్ అయ్యాక చేతిలోవీ టేబుల్ మీదవీ కలిపి నాలుగు ఇస్పేట్లు పట్టుకుని, ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు) కోసం ఐదోదానికై చూస్తున్నారనుకోండి. మామూలు లెక్క, కనిపించని 46 ముక్కలకి 9 ఇస్పేట్లు, అంటే 19.6 శాతం. అతని దగ్గర ఒక ఇస్పేటు కనిపిస్తే 44కి 8, అంటే 18.2. దీనికోసమా ఇంత దొంగతనం! అదే అతని దగ్గర రెండు ఇస్పేట్లుండి, అందులో ఒకటి ఆసైతే కథ వేరు. మిగిలిన 7 ఇస్పేట్లలో ఏది పడినా పెద్ద ఫ్లష్ అతనిదే, అక్కడ వదిలేయడమే లాభం.

అసలు డబ్బు రివర్ (ఐదో ముక్క) దగ్గర ఉంది, ఎందుకంటే ఆ తర్వాత పడే ముక్క లేదు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 100 ఉంది. అతని దగ్గర సగంసార్లు ఓడించలేని హ్యాండ్, సగంసార్లు ఉత్త గాలి, అంటే పనికిరాని ముక్కలు. మీది మధ్యరకం, గాలిని మాత్రమే గెలుస్తుంది. ఆట తెలిసినవాడైతే గట్టివన్నిటితో, గాలిలో సగంతో (ఇదే బ్లఫ్) 100 బెట్ వేస్తాడు. మీరు సగంసార్లు కాల్ చేస్తారు, అంటే అంతే డబ్బు వేసి ముక్కలు చూపించమంటారు. ఈ లెక్కన ఆ పాట్‌లో మీకు సగటున దక్కేది 25. ముక్కలు కనిపిస్తే గట్టివాటికి వదిలేసి, బ్లఫ్‌లన్నీ పట్టేస్తారు. 25 కాస్తా 75 అవుతుంది. అతను అనుమానపడి బ్లఫ్‌లు పూర్తిగా మానేసినా మీకు 50 ఖాయం.

మీరు బ్లఫ్ వేసేటప్పుడు మాత్రం సంగతి వేరు. అతని చేతిలో చిన్న జత ఉందని కనిపిస్తుంది గానీ, దాన్ని వదులుతాడో లేదో కనిపించదు. పాట్ అంత బ్లఫ్ వేస్తే సగానికి మించి సార్లు వదలాలి, లేదంటే నష్టమే. మొండివాడి ముందు దివ్యదృష్టి కూడా పనిచేయదు.

ఇది నిజంగానే జరిగింది. 2007 సెప్టెంబరులో అబ్సల్యూట్ పోకర్ సైట్‌లో 1,000 డాలర్ల ఎంట్రీ టోర్నమెంట్‌ను పాట్‌రిప్పర్ అనే ఖాతా గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన ఆటగాడు హ్యాండ్ల (ఒక్కో పంపకంలో జరిగిన ఆటల) రికార్డు అడిగితే, సైట్‌వాళ్లు అందరి ముక్కలూ, ఐపీ అడ్రసులూ, టేబుల్ చూస్తున్నవాళ్ల నంబర్లూ ఉన్న ఫైలు పంపేశారు. మొదటి రెండు హ్యాండ్లు పాట్‌రిప్పర్ వదిలేశాడు. అంతలో 363 నంబరు ప్రేక్షకుడు టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు పాట్‌రిప్పర్ ఫ్లాప్‌కి ముందు ఒక్క హ్యాండూ వదల్లేదు. చివరికి ఒకటి వదిలాడు, ఎవరి దగ్గరో రెండు రాజులున్నప్పుడు! ఆఖరి హ్యాండ్‌లో ఎదుటివాడు మొత్తం తోస్తే వట్టి పది హైతో (జతేమీ లేదు, పెద్ద ముక్క పదే) కాల్ చేసి గెలిచాడు. జత కూడా లేకుండా టోర్నమెంట్ మొత్తాన్ని పణంగా పెట్టి కాల్ చేసేవాడు పిచ్చివాడైనా కావాలి, ముక్కలు చూసినవాడైనా కావాలి. 2008 జనవరిలో, సైట్‌కి లైసెన్సు ఇచ్చిన కెనడాలోని కానవాకే గేమింగ్ కమిషన్ ఆ సైట్‌కి 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

దురాశే పట్టిస్తుందని నేననేది అందుకే. వంద హ్యాండ్లకు 5 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా వేసే పందెం) మిగిలితే మంచి ఆటగాడే. ఆ వందలోనే ఆటుపోట్లు 90 దాకా ఉంటాయి కాబట్టి 10,000 హ్యాండ్లు ఆడినా అతను నష్టంలో ఉండొచ్చు. దొంగ వందకి 60 లాగితే 3,000 హ్యాండ్లకే లెక్కలో బయటపడతాడు. బుద్ధుంటే రివర్ దగ్గర అప్పుడప్పుడూ కావాలని తప్పు కాల్స్ చేస్తాడు. కానీ ముక్కలు చూస్తూ చూస్తూ ఓడిపోవడం ఎవడి వల్ల అవుతుంది?

ఇంకో చిరాకు. టీవీలో హోల్ కార్డ్ కెమెరాతో అందరి ముక్కలూ చూపిస్తారు. ఇంట్లో కూర్చుని చూసేవాడు 'ఇంత తేలికైనది కూడా వదల్లేడా' అంటాడు. వాడికి కనిపించినవి ఆడేవాడికి కనిపించలేదని మర్చిపోతాడు.

ఇక టెలిగ్రామ్‌లో 'అందరి ముక్కలూ చూపించే యాప్' అమ్మేవాళ్ల సంగతి. సరిగ్గా కట్టిన సైట్‌లో సర్వర్ మీ ఫోన్‌కి మీ రెండు ముక్కలే పంపుతుంది. అవతలివాళ్లవి షోడౌన్ (చివర్లో ముక్కలు తిప్పి చూపించేటప్పుడు) దాకా మీ ఫోన్‌కి రానే రావు. రాని ముక్కల్ని ఏ యాప్ చూపిస్తుంది? 363 నంబరు చూసింది సైట్ లోపలి నుంచి. పైగా 2025 చట్టంతో మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకే నిషేధం వచ్చింది కాబట్టి, మోసపోయానని ఫిర్యాదు చేయడానికి వెళ్తే ముందు మీరేం ఆడుతున్నారో చెప్పుకోవాలి.