హైబ్రిడ్ అని నమ్మించి అమ్మారు, ఈఎంఐ ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. అమ్మానాన్న, పిల్లలతో కలిసి తిరగడానికి హైదరాబాద్‌లోని ఒక షోరూమ్‌లో 14 లక్షలకు హైబ్రిడ్ కారు కొన్నాం. లీటరుకు 27 కిలోమీటర్లు వస్తుందని, ట్రాఫిక్‌లో బ్యాటరీ మీదే నడుస్తుందని సేల్స్‌మన్ చెప్పాడు. 15 దాటడం లేదు. ఇది మైల్డ్ హైబ్రిడ్ అని ఈ మధ్య సర్వీసింగ్‌లో తెలిసింది. షోరూమ్ వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. నాన్న రిటైర్మెంట్ డబ్బు కూడా ఇందులోనే పెట్టాం, ఇంట్లో అందరికీ టెన్షన్. డెలివరీ తీసుకుని 20 నెలలైంది. ఈఎంఐ ఆపేస్తే వాళ్లే దిగివస్తారని మిత్రులు అంటున్నారు. కొత్త కారు ఇప్పించుకోవచ్చా?

జవాబు: మైలేజీ మీద ఈ కేసు నిలవదు. కంపెనీ చెప్పే అంకె నిర్ణీత పరీక్షలో వచ్చింది. రోడ్డును, ఏసీని, నడిపే తీరును బట్టి అది మారుతుందని వాళ్లు సులభంగా వాదిస్తారు. మీ కేసును తేల్చేది ఒక్కటే: స్ట్రాంగ్ హైబ్రిడ్ అని చెప్పి మైల్డ్ హైబ్రిడ్ అంటగట్టారని చూపించే ఆధారం మీ దగ్గర ఉందా?

స్ట్రాంగ్ హైబ్రిడ్ కొంత దూరం మోటారు మీదే నడుస్తుంది. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజిన్‌కు తోడు మాత్రమే, దానంతట అది బండిని నడపలేదు. అందుకే ‘బ్యాటరీ మీదే నడుస్తుంది’ అన్న మాట మీకు ముఖ్యం. లేని గుణం ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. కానీ ఆ మాట నోటితో అన్నదైతే సేల్స్‌మన్ ‘నేనలా అనలేదు’ అంటాడు. వాట్సాప్‌లో పంపి ఉంటే కథ వేరు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరిపేయకండి. దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు, ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి.

బుకింగ్ ఫారం, కొటేషన్, ఇన్‌వాయిస్, ఆర్‌సీ, బీమా పాలసీలలో ఏ వేరియంట్ రాశారో ఈ రోజే చూడండి. ఇన్‌వాయిస్‌లో మైల్డ్ వేరియంట్ పేరు, దాని ధర ఉంటే ‘ఏది కొన్నారో అదే ఇచ్చాం’ అని షోరూమ్ వాదిస్తుంది. 14 లక్షల కారుకు చదవకుండా సంతకం పెట్టడం, ఇన్ని నెలలు ఒక్క ఈమెయిల్ కూడా రాయకపోవడం మీ తప్పే. ఫోన్లు చేసి ఊరుకుంటే కమిషన్ ముందు చూపించడానికి ఏం మిగులుతుంది?

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. ‘నిజం ఈ మధ్యే తెలిసింది, అప్పటి నుంచి లెక్కించండి’ అని వాదించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. డెలివరీ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, అంటే మీకు నాలుగు నెలలే ఉంది. లేఖలు రాస్తూ పోతే గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా తగిన కారణం చూపాలి, ‘షోరూమ్ తిప్పించుకుంది’ అంటే చాలదు.

ఈఎంఐ మాత్రం ఆపకండి. అప్పు ఇచ్చింది బ్యాంకు, మోసం చేసింది షోరూమ్. బ్యాంకుతో మీ ఒప్పందం వేరు. వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది, బండి జప్తు దాకా పోతుంది. మీరు ఫిర్యాదు చేస్తున్న కారే చేజారితే పరీక్షకు పెట్టడానికి వస్తువు ఉండదు. విసుగుతో అమ్మేసినా అదే నష్టం.

ముందు షోరూమ్‌కు, తయారీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో లీగల్ నోటీసు పంపి 15 రోజులు ఇవ్వండి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. అయితే సేల్స్‌మన్ మాటతో తనకు సంబంధం లేదని కంపెనీ అంటుంది కాబట్టి ప్రధానంగా పట్టుకోవాల్సింది షోరూమ్‌నే. ఆ మాటలు విన్న మీ ఇంటివారి అఫిడవిట్లు వేయండి. కారు స్ట్రాంగా, మైల్డా అన్న వివాదం వస్తే అదే చట్టం 38వ సెక్షన్ కింద నిపుణుల పరీక్ష కోరండి.

కొత్త కారు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కారు వెనక్కి తీసుకుని, వాడకానికి తగిన మొత్తం తగ్గించి డబ్బు తిరిగివ్వాలని అడగండి. అది కుదరకపోతే పరిహారం, ఖర్చులు ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కోరండి. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ చాలు. మీరు ఉండే కరీంనగర్‌లోనే వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. ఈ ధరకు ఫీజు 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. నోటీసుకు జవాబు రాకపోతే 16వ రోజునే ఫిర్యాదు వేసేయండి.