కొబ్బరి చెట్లు అడ్డం కాదు, ఆ ఉపగ్రహమే మన వైపు లేదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం పని మీద వారానికి రెండు మూడుసార్లు చించినాడ వంతెన దాటి అంబాజీపేట వెళ్తుంటాను. నాన్నగారు కొన్న 2007 మోడల్ మారుతి ఎస్టీమ్‌నే ఇంకా వాడుతున్నాం. అందులో పాత క్యాసెట్ స్టీరియో ఉంది. రాజమండ్రిలో ఒక కారు యాక్సెసరీస్ షాపు ఆయన "ఇది అమెరికా శాటిలైట్ రేడియో, ఊరు మారినా సిగ్నల్ పోదు, ఏడాది చందా కూడా ఇందులోనే" అని 16,500 రూపాయలు తీసుకుని మూడు నెలల కిందట బిగించాడు. ఒక్క పాట రాలేదు. నాలుగో రోజే వెళ్లి అడిగితే "మీ వైపు కొబ్బరి చెట్లు ఎక్కువ, అవే అడ్డం" అన్నాడు. ఇప్పుడు పాత స్టీరియో కూడా మూగబోయింది. రాత్రి ఆపిన బండి పొద్దున స్టార్ట్ కావడం లేదు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసిచ్చాడు. కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తానంటే "లైసెన్స్ లేని శాటిలైట్ పరికరం పెట్టుకున్నావని నీ మీదే కేసు పడుతుంది, ఆర్టీఓ వాళ్లు బండి సీజ్ చేస్తారు" అంటున్నాడు. నిజమేనా? నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు కొబ్బరి చెట్లను కేసులోంచి తప్పిద్దాం, పాపం. ఆ షాపాయన చెప్పిన అమెరికా సర్వీసు సిరియస్ ఎక్స్ఎం. దాని ఉపగ్రహాలు ఉత్తర అమెరికా ఖండం కోసం పెట్టినవి. అక్కడి కార్లలో కొండల మధ్య కూడా పాట వస్తుంది. మనం మాత్రం భూగోళానికి అవతలి వైపున ఉన్నాం. మీ ఊరి చెట్లన్నీ కొట్టేసినా, యాంటెన్నాను అంతర్వేది ఇసుకలో నిలబెట్టినా అది పలకదు. మన దేశంలో చందా కట్టి వినే ఉపగ్రహ రేడియో ఒకప్పుడు ఉండేది. దాని పేరు వరల్డ్‌స్పేస్. తెలుగు పాటలకు అందులో స్పందన అని ఒక ఛానెల్ కూడా వచ్చేది. 2009 డిసెంబర్ 31తో ఆ సేవలు ఆగిపోయాయి. అంటే షాపాయన మీకు అమ్మింది పాడైన వస్తువు కాదు, ఇక్కడ లేనే లేని సర్వీసు. మీ కేసు బలం అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. మిగతా వాటిలో పడి దీన్ని వదిలేయకండి.

ఇక బెదిరింపుల సంగతి. ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్స్ కట్టిన రోజులు మా నాన్నగారి తరానికి గుర్తు. వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియోకు ఆ పద్ధతి 1980ల్లోనే పోయింది. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే చిక్కుల్లో పడేది శాటిలైట్ ఫోన్, అంటే ఇటు నుంచి అటు సిగ్నల్ పంపే పరికరం. మీ దగ్గరున్నది అది కాదు. ఒకవేళ అది నిషేధించిన సరుకే అనుకున్నా, ముందు జవాబు చెప్పుకోవాల్సింది దాన్ని అమ్మి డబ్బు తీసుకున్న మనిషి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆర్టీఓ భయం కూడా అలాంటిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులు చేయకూడదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగానే చెప్పింది. అయితే ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది: మార్పు అంటే బండి నిర్మాణాన్ని మార్చి, దాని మౌలిక స్వరూపమే మారేలా చేయడం. డ్యాష్‌బోర్డులో స్టీరియో పక్కన ఒక పెట్టె బిగిస్తే ఆర్‌సీలో రాసిన వివరాలు ఏవీ మారవు. మీకు అసలు ఇబ్బంది వైర్లతో. 2007 బండి కాబట్టి పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించే ఉంటారు, అది ఐదేళ్లకు ఇస్తారు. మళ్లీ ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు ఆ షాపు కుర్రాళ్లు కోసిన వైర్ల వల్ల హారన్ మోగకపోయినా, లైటు వెలగకపోయినా అప్పుడు ఆపుతారు.

ఇప్పుడు అసలు పని. ఆ రేడియో మీద కోపంతో దాన్ని ఇప్పుడే పీకేయకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది సాక్ష్యాన్ని ముందే చెత్తబుట్టలో పడేసి వస్తారు. ఇంజిన్ ఆన్ చేసి, స్క్రీన్ మీద సిగ్నల్ లేదని కనిపించేలా, ఎదురుగా చెట్టూ చేమా లేని చోట వీడియో తీయండి. చించినాడ వంతెన మీద బండి ఆపి మాత్రం తీయకండి, అది వేరే కేసవుతుంది. తర్వాత ఆ షాపుతో సంబంధం లేని ఆటో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బండి ఆపినా కరెంటు ఉండే వైరును, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరును తారుమారు చేసి కలిపితే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. పాత స్టీరియోకి ఆక్స్ (బయటి పరికరాన్ని వైరుతో కలిపే సాకెట్) లేదు కాబట్టి యాంటెన్నా కేబుల్ మధ్యలో ఎఫ్ఎం మాడ్యులేటర్, అంటే కొత్త పెట్టె పాటను పాత స్టీరియోకి ఎఫ్ఎం స్టేషన్‌లా అందించే పరికరం, పెట్టి ఉంటారు, మీ పాత రేడియో మూగబోవడానికి అదొక కారణం కావచ్చు. ఆయన ఏం చూశాడో, బాగుచేయడానికి ఎంతవుతుందో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. ఆ తర్వాత విప్పించుకోవచ్చు, విప్పిన ప్రతి ముక్కా దాచండి.

బిల్లు లేదని దిగులు వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. ముప్పై రోజుల్లోపు కొన్నవాళ్లు తిరిగి ఇస్తామంటే లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. నాలుగో రోజే వెళ్లారు చూడండి, అది మీకు బాగా కలిసొస్తుంది. డబ్బు ఫోన్‌లో పంపి ఉంటే ఆ స్టేట్‌మెంట్ తీయండి. ఆయనతో నడిచిన వాట్సాప్ సంభాషణ ఉంటే ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. కన్జ్యూమర్ కమిషన్‌లో (మీరు కన్జ్యూమర్ కోర్టు అంటున్నది అదే) సాక్ష్యం పట్టింపులు అంత ఉండవు గానీ, ఎదుటివాళ్లకు సందు ఇవ్వడం ఎందుకు?

ముందు స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా కమిషన్. షాపు రాజమండ్రిలో ఉన్నా మీరుండే చోటే వేసుకోవచ్చు. 2022లో జిల్లాలు విడిపోయాక ఏ కమిషన్ పరిధి అని చాలామంది తికమకపడుతున్నారు, ఈ-జాగృతి పోర్టల్‌లో చూసుకుని అక్కడే ఫిర్యాదు దాఖలు చేయొచ్చు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మా వృత్తికి నష్టమే అయినా చెప్తున్నా, ఇంత చిన్న కేసుకు లాయరు అక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు.

అడిగేది న్యాయంగా అడగండి: 16,500, వైరింగ్ బాగు ఖర్చు, పోయిన బ్యాటరీ ఖరీదు, ఖర్చుల కింద కొంత, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం. మానసిక వేదనకే ఐదు లక్షలు అని రాస్తే మిగతావి కూడా అనుమానంగా చూస్తారు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఈ గొడవ లేదు. ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండికి జరిగే నష్టానికి బీమా) కూడా ఉంటే, బయట బిగించుకున్న ఎలక్ట్రానిక్ సామాను విలువ చెప్పి, దాని మీద నాలుగు శాతం అదనపు ప్రీమియం కట్టే పద్ధతి ఉంది. చెప్పకుండా ఊరుకుంటే, రేపు ఆ కోసిన వైర్ల దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచినప్పుడు కంపెనీ మొదట వెతికేది అదే. కాబట్టి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ రేడియో ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోండి.