చెరువు గట్టు మీద పెట్టెకి హాస్టల్ నుంచి డీబగ్గర్ తగిలిస్తున్నాడు, వీణ్ణి డేటా సైన్స్‌లో చేర్పించాలా?

పాలకొల్లు దగ్గర ఊరి నుంచి ఒక తండ్రి గారు రాశారు. నాలుగెకరాల వనామి రొయ్యల చెరువు, అబ్బాయి కాకినాడలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) మూడో ఏడు. చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు, ఆన్ చేసే పెట్టె ఒకటి వాడే చేసి గట్టు మీద పెట్టాడు. "రాత్రిళ్లు పుస్తకం ముట్టుకోడండి, హాస్టల్లో కూర్చుని మా గట్టు మీదున్న పెట్టెకి ఏదో డీబగ్గర్ తగిలించి నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వీణ్ణి కూడా రెండు లక్షలు కట్టి డేటా సైన్స్ కోర్సులో వేద్దామంటే వద్దంటున్నాడు. ఎంబెడెడ్ మంచిదా డేటా సైన్స్ మంచిదా చెప్పండి, చివరికి రిపేరు షాపులో తేలతాడేమోనని భయంగా ఉంది" అని.

ఏవండీ, ఈ ఉత్తరం నాకు భీమవరం నుంచి వచ్చింది, అమలాపురం నుంచి వచ్చింది, తణుకు నుంచి వచ్చింది, కోర్సు పేరు మారుతుంది గానీ లోపలున్న దిగులు ఒకటే. పెళ్లిలో ఎవరైనా మీవాడేం చేస్తున్నాడండీ అంటే ఒక్క ముక్కలో చెప్పుకోలేకపోతానేమో అని. అందుకే ముందు మీవాడు చేస్తున్న ఎంబెడెడ్ పని, అంటే పరికరాల లోపలి చిప్‌లకి ప్రోగ్రాములు రాసే పని, ఏంటో చెప్తాను, తర్వాత మీ పోలిక సంగతి. గేట్ గురించి, క్యాంపస్ గురించి మీకు ఇప్పటికే పదిమంది చెప్పుంటారు, అది వదిలేస్తున్నా.

మన కాలవల మీద లస్కర్లు ఉంటారు కదండీ. ఆఫీసులో ఇంజనీరు ఫోన్ చేసి లాకు దగ్గర గేజి ఎంతుంది అంటే చూసి చెప్తాడు, తలుపు దించమంటే దించుతాడు. నీటి లెక్క అంతా ఇంజనీరు దగ్గర, అక్కడ నిలబడి చూసే కన్ను లస్కరుది. మీవాడి పెట్టె లోపలా ఇదే ఏర్పాటు. చిప్‌లోనే డీబగ్ కోసం, అంటే ప్రోగ్రామ్‌లో తప్పు వెతకడం కోసం, చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాన్నుంచి రెండు పిన్నులు బయటకొస్తాయి. ఆ సర్క్యూట్ లేని పాత బోర్డుల్లో అయితే మానిటర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్‌ని బోర్డులోనే పెట్టేవాళ్లు, పని అదే. హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద నడిచే జీడీబీ అనే డీబగ్గర్ "ఈ రిజిస్టర్లో ఎంతుంది, ఆ మెమరీలో ఏముంది, ఇక్కడ ఆగు" అని అడుగుతుంది, మధ్యలో ఓపెన్‌ఓసీడీ అనే సాఫ్ట్‌వేర్ ఆ మాటల్ని పిన్నుల భాషలోకి మార్చి చిప్‌కి చెప్తుంది. జీడీబీ 1986 నుంచి ఉంది. ఓపెన్‌ఓసీడీ జర్మనీలో ఒక కుర్రాడు 2005లో కాలేజీ థీసిస్‌గా మొదలుపెట్టింది, ఇవాళ చాలా ఎంబెడెడ్ ల్యాబుల్లో దాన్ని వాడతారు. బొమ్మలాట కాదండి ఇది.

మిమ్మల్ని అబ్బాయితో రమ్మన్నాను, మీకు తీరిక లేదన్నారు, వాడొక్కడే వచ్చాడు. రావడమే మంచిదైంది, ఎంచేతంటే ఆ పెట్టె కథ వాడి నోటితోనే విన్నాను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. పెట్టె పనల్లా ఆ సెన్సర్‌ని అడిగి, ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్లు ఆన్ చెయ్యడం. అదే సరిగ్గా మూడింటికి మొండికేసింది, ఒకసారి కాదు మూడుసార్లు. మీరు ప్రతిసారీ ఏం చేశారు? స్విచ్ ఆపి మళ్లీ వేశారు, పనిచేసింది, "వీడి పెట్టె ఇంతే" అని వచ్చి పడుకున్నారు. "నాన్న ఆపి వేసిన ప్రతిసారీ మెమరీలో ఉన్నది పోతుందండి, ఎక్కడ ఆగిపోయిందో తెలీట్లేదు" అన్నాడు వాడు నాతో, మీ మీద కోపం కూడా లేకుండా.

నాలుగోసారి బాబాయికి ఫోన్ చేసి, స్విచ్ ముట్టుకోవద్దు, ముందు ఏరేటర్లు చేత్తో ఆన్ చెయ్యి అన్నాడు. అదీ కావాలని చేశాడు, ఎంచేతంటే డీబగ్గర్ తగలగానే ప్రోగ్రామ్ ఆగుతుంది, ఆగిన ప్రోగ్రామ్ ఏరేటర్లని చూసుకోదు. తర్వాత షెడ్డులో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోకి హాస్టల్ నుంచే వెళ్లి, చిప్‌ని రీసెట్ చెయ్యకుండా జీడీబీ తగిలించి బ్యాక్‌ట్రేస్, అంటే ప్రోగ్రామ్ ఏ దారిన వచ్చి ఎక్కడ ఉందో చెప్పే జాబితా, అడిగాడు. ఆ స్క్రీన్ ఫొటో చూపించాడు నాకు. సెన్సర్ జవాబు వచ్చేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేసే ఒక వైల్ లూప్, అందులో ఉంది ప్రోగ్రామ్. ఉప్పు గాలికి కనెక్టర్‌లో చెమ్మ చేరి సెన్సర్ పలకలేదు, ఎంతసేపు చూడాలో వాడు రాయలేదు, కాబట్టి అది తెల్లారేదాకా అలాగే చూస్తూ నిలబడింది. వాడు గడువు పెట్టాడు, ప్రోగ్రామ్ ఆగిపోతే దానంతటదే రీసెట్ చేసే వాచ్‌డాగ్ పెట్టాడు, అన్నిటికంటే నాకు నచ్చింది, సెన్సర్ పలక్కపోతే ఏరేటర్లు ఆన్ అయ్యేలా రాశాడు. రొయ్య బతకాలంటే తప్పు ఎటువైపు జరిగినా ఫర్వాలేదో ఆలోచించాడు. ఇరవై ఏళ్ల కుర్రాడండీ.

నేను ఒకటే పరీక్ష పెట్టాను. ఓపెన్‌ఓసీడీతో జీడీబీ మాట్లాడే తలుపు, పోర్టు 3333, దానికి పాస్‌వర్డ్ ఉండదు, దొరికినవాడు దొరికినట్టు నీ చిప్‌లోకి వచ్చేస్తాడు, నెట్‌కి తెరిచి పెట్టావా అన్నాను. లేదండి, గట్టు మీద సిమ్ నెట్‌కి బయట నుంచి నేరుగా రావడం ఎలాగూ కుదరదు, షెడ్డులో కంప్యూటరే ఎస్‌ఎస్‌హెచ్ అనే తాళం వేసిన దారిలో నా చిన్న సర్వర్‌కి వస్తుంది, నేను ఆ టన్నెల్లోంచి వెళ్తాను అన్నాడు. అప్పుడే నా అనుమానం తీరిపోయింది. పెద్ద కంపెనీల్లోనూ బోర్డులు ల్యాబ్ ర్యాకులో ఉంటాయి, మనిషి ఇంకో ఊళ్లో ఉంటాడు, పని ఇదే.

ఇక మీ డేటా సైన్స్. దాని మీద నాకు ద్వేషం లేదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలుంటారు, ప్రాబబిలిటీ దగ్గర మొహం తిప్పుకోరు, వాళ్లకి నేనే పంపిస్తాను. నాకు భయం ఆ నాలుగు నెలల గ్యారంటీ కోర్సులంటే. కిందటేడు ఒక తల్లి గారు గాజులు తాకట్టు పెట్టి చేర్పించారు, అబ్బాయి రెజ్యూమె నాకు తెచ్చాడు. అందులో ప్రాజెక్టులన్నీ అందరూ సాధన చేసే లెక్కలే, టైటానిక్ ఓడలో ఎవరు బతికారు, ఇళ్ల ధరలు, ఐరిస్ పువ్వులు. ఆ పువ్వుల లెక్క 1936 నాటిది, మొత్తం 150 పువ్వులు, ఆ క్లాసులో అందరి రెజ్యూమెలోనూ ఆ 150 పువ్వులే. బాబూ ఈ కొలతలు ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు అంటే తల దించుకున్నాడు. వాడి తప్పు కాదది, ఎవరూ వాడికి కొలిచే పని ఇవ్వలేదు. మీవాడు సెన్సర్ తడిస్తే అంకె రాకుండా ఎలా ఆగిపోతుందో కళ్లారా చూశాడు, రేపు డేటా వైపు వెళ్లాలనిపించినా ఇది వాడికి పెట్టుబడే.

కోప్పడుతున్నాననుకోకండి గానీ మీరు తప్పు చేస్తున్నారు. సీడ్ వేసేముందు నీళ్లు పరీక్ష చేయించి, సెలినిటీ చూసి, దానికి తట్టుకునే సీడే తెచ్చుకుంటారు కదా, పక్కాయన ఏం వేశాడో చూసి వెయ్యరు. కొడుకు విషయంలో మాత్రం బావమరిది కొడుకుని చూసి వేసేద్దామంటారేంటండీ. రెండు లక్షలు కట్టే ముందు వాడి పక్కన రెండు గంటలు కూర్చున్నారా? నేను కూర్చున్నాను, మీరు కూర్చోలేదు.

పోలిక అడిగారు, చెప్తాను. ఎంబెడెడ్‌లో క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు తక్కువ, మొదటి జీతం చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడి కంటే తక్కువే ఉంటుంది, మొదటి ఏడాది టెస్టింగ్‌లో కూర్చోబెట్టొచ్చు, ఉద్యోగం బెంగళూరో హైదరాబాదో పుణేనో, మన జిల్లాలో దొరకదు. రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. పట్టినవాళ్లు నిలబడ్డారు, నా దగ్గరకొచ్చిన పిల్లల్లో చూశాను, అందుకే ధైర్యంగా చెప్తున్నా. రిపేరు షాపు భయం మాత్రం పూర్తిగా తీసెయ్యండి, ఈ పని తెలిసినవాడికి కార్ల కంపెనీ, మెడికల్ పరికరాలు, మీటర్లు, చిప్ డిజైన్ అన్నీ తలుపులే.

వాడికి కూడా చెప్పాను, వినిపిస్తున్నా. సీ ప్రోగ్రామింగ్ భాషలో పాయింటర్ల దగ్గర ఇంకా తడబడుతున్నాడు, అవి గట్టిపడాలి. చిప్ వివరాలుండే డేటాషీట్ మొదటి పేజీ నుంచి చదవడం అలవాటు కావాలి. ఆర్టీఓఎస్, అంటే ఇలాంటి చిప్‌లలో పనుల్ని వేళకి నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకటి నేర్చుకోవాలి. రాత్రి మూడింటికి మొండికేసిన ఆ బగ్ కథ, ఫొటోలతో సహా, ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి, ప్రోగ్రాములు అందరికీ చూపించుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమన్నాను, ఇంటర్వ్యూలో దానంత బలమైన కాగితం వాడి దగ్గర ఇంకోటి లేదు. బీటెక్ అయ్యాక కోర్సే కావాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ డిప్లొమా ఉంది, సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాలి, ఆర్నెల్లు. సబ్జెక్టులు తప్పితే మాత్రం ఊరుకోకండి, రాత్రిళ్లు పెట్టెతో కూర్చోడానికి నేనూ ఒక హద్దు పెట్టాను, పరీక్షల ముందు పదిహేను రోజులు ముట్టుకోనని నాకు మాటిచ్చాడు.

ఆ కోర్సుకి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకండి. ఈ ఆదివారం వాడు ఇంటికొచ్చినప్పుడు గట్టు మీద షెడ్డులోకి వాడితో వెళ్లి ఏదేంటో చూపించమనండి. ఈసారి పెట్టె ఆగిపోతే మాత్రం స్విచ్ జోలికి వెళ్లకండి, ఏరేటర్లు చేత్తో ఆన్ చేసి, ఎంత రాత్రయినా సరే ముందు వాడికి ఫోన్ చెయ్యండి.