పిక్కలో పెద్ద గడ్డ: కత్తి పెట్టేముందు ఎంఆర్ఐ

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. కుడి పిక్కలో 8 నెలలుగా గడ్డ పెరుగుతోంది. ఇప్పుడు 11 సెంటీమీటర్లుంది, నొప్పి లేదు. ఒక డాక్టరుగారు ‘కొవ్వు గడ్డే, అక్కడికక్కడే మత్తిచ్చి అరగంటలో తీసేస్తా’నన్నారు. ఇంకొకరు క్యాన్సరైతే కాలే తీసేయాలన్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: గడ్డ ఏమిటో తేలకుండా ఈ రెండింట్లో దేనికీ ఒప్పుకోకండమ్మా. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, కండరం లోతుల్లో ఉన్నా సార్కోమా (కండరం, కొవ్వు లాంటి మెత్తని కణజాలంలో పుట్టే క్యాన్సర్) కాదని తేలేదాకా అనుమానించాల్సిందే. నొప్పి లేదని ధీమా పడొద్దు. సార్కోమాలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి.

మొదట కాంట్రాస్టు (నరంలోకి ఎక్కించే మందు)తో ఎంఆర్ఐ తీయించండి. సూది గుచ్చాక తీస్తే లోపల చేరిన నెత్తురు వల్ల గడ్డ అంచులు సరిగా తెలియవు. ఆ తరవాత ట్రూకట్ అనే లావు సూదితో ముక్క పరీక్ష (బయాప్సీ). సన్న సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీలో విడి కణాలే వస్తాయి, రకం, గ్రేడు (క్యాన్సర్ తీవ్రత) చాలాసార్లు తేలవు. సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జనే చెప్పాలి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగలొచ్చు కాబట్టి ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తారు. కోసి ముక్క తీయాల్సి వచ్చినా గాటు కాలి పొడవునే ఉండాలి. అడ్డంగా పెడితే తరవాత తీయాల్సిన చర్మం, కండరం బాగా పెరిగిపోతాయి.

అన్నిటికన్నా బాధాకరం, మామూలు గడ్డే అనుకుని తీసేశాక రిపోర్టులో సార్కోమా అని రావడం. సార్కోమా చుట్టూ సంచిలా కనిపించేది నిజమైన సంచి కాదు, ఒత్తిడికి నలిగిన కణజాలం. అందులోనూ క్యాన్సర్ కణాలుంటాయి. వలిచి తీస్తే అవి అక్కడే మిగులుతాయి. అందుకే చుట్టూ సుమారు 1 సెంటీమీటరు మంచి కండరాన్ని, లేదా కండరాన్ని కప్పి ఉండే గట్టి ఫేషియా పొరను కలిపి, గడ్డ కంటపడకుండా తీయాలి. నెత్తురు ఆపడానికి తొడకు టోర్నికే (బిగించే పట్టీ) కట్టినా రబ్బరు పట్టీ చుట్టి నెత్తురు పిండకూడదు, కాలు కాసేపు ఎత్తి ఉంచితే చాలు. లోపల చేరే నెత్తురు, నీరు బయటికి తీసే డ్రెయిన్ గొట్టం కుట్టు వరసలోనే, దాని చివరకు దగ్గరగా బయటికి రావాలి.

కాలు తీసేయాల్సిన అవసరం ఇప్పుడు అరుదు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వారు 43 మందిపై చేసిన అధ్యయనం 1982లో అచ్చయింది. కాలో చెయ్యో తీసేసినవారికీ, దాన్ని నిలిపి రేడియేషన్ ఇచ్చినవారికీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. రేడియేషన్ ఆపరేషన్‌కు ముందైతే సాధారణంగా 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), 25 విడతల్లో. దీనివల్ల గాయం మానడం ఆలస్యమవుతుంది. తరవాతైతే 60 నుంచి 66 గ్రే, అప్పుడు కాలు బిగుసుకుపోయే బెడద ఎక్కువ. ఛాతీ సీటీ కూడా తప్పనిసరి, సార్కోమా ముందు పాకేది ఊపిరితిత్తులకే. ఈ పని సార్కోమాలు చూసే బృందమున్న చోటే చేయించండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో అడగండి, ఆరోగ్యశ్రీ కార్డు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మోకాలి కింద బయటి పక్క గడ్డ తీసి నెల అయింది. పాదం పైకి లేవడం లేదు. తిరిగొస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మోకాలి కింద బయటి పక్కనుండే ఫిబులా ఎముక మెడ చుట్టూ తిరిగే పెరోనియల్ నరం దెబ్బతింది. నరాన్ని కోశారా, పక్కకు లాగారా అన్నది ఆపరేషన్ నోట్సులో ఉంటుంది, అడిగి తీసుకోండి. లాగినదైతే నెలల్లో కోలుకోవచ్చు. కోసినదైతే తనంతట తాను రాదు, టెండన్ మార్పిడి (పనిచేస్తున్న కండరపు టెండన్‌ను పాదం పైకి లేపేలా మార్చి కలిపే ఆపరేషన్) గురించి మాట్లాడాలి. ఇప్పుడే ఈఎంజీ (నరం, కండరం పనితీరు చూసే పరీక్ష) చేయించండి. ఈలోగా పాదం వాలిపోకుండా పట్టి ఉంచే ఏఎఫ్ఓ పట్టీ వేసుకుని, రోజూ పాదాన్ని చేత్తో పైకి వంచుతూ ఉండండి, లేకపోతే మడమ వెనక టెండన్ బిగుసుకుపోతుంది.