పొగబండిని నడపబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమసమాచారాలు నీ ఉత్తరం వల్ల తెలిశాయి.

బ్రిటన్‌లోనే మీ వైపు మూతపడిన ఒక బ్రాంచి లైనులో మళ్లీ ఆవిరి రైలు నడపడానికి మీ సంఘంవారు రెండు మైళ్ల దారిని కౌలుకు తీసుకున్నారనీ, ఇప్పటికి ఇరవై రెండు మంది సభ్యులయ్యారనీ, విడి భాగాలుగా పడి ఉన్న ఒక ట్యాంకు ఇంజనును (నీళ్లూ బొగ్గూ తన మీదే మోసే ఇంజను) కొనడానికి చందాలు పోగుచేస్తున్నారనీ చదివి, ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మొదట దేని మీద చెయ్యి వేయాలని అడిగావు. యాభై ఏళ్లకు పైగా సెలవు రోజులన్నీ ఈ మసిలోనే గడిపినవాడిని కనుక, నాకు తెలిసినది దాచుకోకుండా రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు. మీ సభ్యులకు కూడా చదివి వినిపించు.

మీ తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేసిన సంగతి నీకు తెలుసు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చినప్పుడు ఆయన చొక్కాలోంచి బొగ్గుపొగా, వేడి నూనే కలిసిన వాసన వచ్చేది. ఆ చొక్కా ఉతకడానికి మా అమ్మ ఎంత కష్టపడేదో గాని, నాకు మాత్రం అది నాన్న ఇంటికి వచ్చాడని చెప్పే వాసన. 1967లో ఉన్ని వడికే యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికి, యార్క్‌షైర్‌లోని కీత్లీ పట్నానికి వచ్చాను. మరుసటి ఏడాది, 1968 జూన్ 29న, కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే తిరిగి తెరుచుకుంది. రెండు ఇంజన్లు కట్టిన మొదటి రైలు బయలుదేరి వెళ్తుంటే నేను వంతెన మీద నిలబడి చూశాను. పొగ పైకి లేచి మొహానికి తగిలింది. మూడో శనివారానికల్లా ఆ లైనులోని హవర్త్ యార్డుకు వెళ్లి, ఏదైనా పని ఇవ్వమని అడిగాను.

ఆ లైను కథలో నీకు పనికివచ్చే విషయం ఒకటి ఉంది. అది 1867లో, లోయలోని మిల్లుల కోసం వేసిన అయిదు మైళ్ల బ్రాంచి. కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ దాకా ఆరు స్టేషన్లు, దారంతా ఎక్కుడే. ప్రభుత్వ రైలు సంస్థ బ్రిటిష్ రైల్వేస్ వారు 1961 చివర ప్రయాణికుల బండ్లను నిలిపివేస్తే, ఊరివాళ్లు 1962లోనే సంఘం పెట్టుకున్నారు. కాని రైలు నడిచింది 1968లో. మధ్యలో ఆరేళ్లున్నాయి, చూశావా? ఆ ఆరేళ్లూ బేరసారాలతో, అనుమతులతో, మీటింగులతో గడిచాయి. నేను చేరేనాటికి యార్డులో పెద్దలుగా ఉన్నవారిలో ఇంజను తోలాలనే ఆశతో వచ్చినవారు చాలామంది ఉన్నారు గాని, సంఘాన్ని చెదరకుండా నిలబెట్టినవారు మాత్రం రైలు లేని రోజుల్లో కూడా వారం వారం క్రమం తప్పక వచ్చినవారే. మీకు కూడా రైలు లేని ఏళ్లు కొన్ని తప్పవు. అందుకే నీ ప్రశ్నకు నా జవాబు ఇది: ఇంజను సంగతి తరువాత చూడవచ్చు, ఈ శనివారం వచ్చిన మనిషి వచ్చే శనివారం మళ్లీ వచ్చేలా చూసుకోవడమే మీ మొదటి పని.

ఇది మాటవరసకు చెప్పడం లేదు. ఉద్యోగరీత్యా ఊరు మారినప్పుడు నేను కొన్నేళ్లు మరొక చిన్న లైనులో పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడికి ఒక చలికాలం ఉదయాన అరవై ఏళ్ల మనిషి ఒకాయన, కొత్త తోలు చేతితొడుగులు కొనుక్కుని, ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చాడు. అందరం ఎవరి పనిలో వాళ్లం ఉన్నాం. ఆయన షెడ్డు గుమ్మం దగ్గర కాసేపు, బొగ్గు కుప్ప దగ్గర కాసేపు నిలబడి, తన టీ తాను తాగి వెళ్లిపోయాడు. మరుసటి వారం కూడా అలాగే జరిగింది. మూడో వారం తరువాత మళ్లీ రాలేదు. ఆ చేతితొడుగులు షెడ్డు కిటికీ మీద మరచిపోయి వెళ్తే, దుమ్ము పట్టి రంగు మారేదాకా అక్కడే ఉన్నాయి. ఆయన పేరు మాలో ఎవరికీ తెలియదు. కిటికీ తుడిచిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్లుండేది, ఎందుకంటే పలకరించకుండా పక్కనుంచి నడిచి వెళ్లినవారిలో నేనూ ఒకడిని.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొత్తగా వచ్చినవారికి ఆ రోజు సాయంత్రంలోగా పూర్తయ్యే పని, ఇంటికి వెళ్లేముందు ఇది నేను చేశానని చూపించుకోగలిగే పని ఒకటి అప్పగించాలి. ఒక సిగ్నల్ దీపాన్ని విప్పి, తుడిచి, మళ్లీ వెలిగేలా చేయడం గాని, పట్టాల చివరలను కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు పదింటిని విప్పి నూనె పెట్టి బిగించడం గాని, ఒక రైలు పెట్టె తలుపుకు పాత రంగు గీకడం గాని ఏదైనా సరే. నెలల తరబడి సాగే పనిలో ఒక మూల పట్టుకోమంటే కొత్తవాడికి తన చెమట ఎటు పోయిందో తెలియదు. ఇంకొక మాట, కొత్తవారి పేరు అడిగి గుర్తుపెట్టుకునే బాధ్యత ఒకరికి ఖచ్చితంగా అప్పగించు. అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ఇక దారి సంగతి. మీవాళ్లందరి కళ్లూ ఇంజను మీదే ఉన్నాయని నీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. ఈ విషయంలో వేల్స్‌లోని తాలిథ్లిన్ రైల్వే అనుభవం మీరంతా తెలుసుకోవాలి. పలకరాయి గని కోసం 1860లలో వేసిన ఆ సన్నగేజి లైను యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ 1950లో చనిపోతే, రచయిత టామ్ రోల్ట్, ఆయన మిత్రులు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి, దాన్ని స్వచ్ఛంద సేవకులతో నడపాలని నిశ్చయించారు. 1951 మే 14న బండి కదిలింది. అలా సేవకుల చేతుల్లో నిలబడిన రైల్వే ప్రపంచంలో అదే మొదటిది. ఇప్పుడు మనం చేస్తున్నదంతా వాళ్లు వేసిన బాటే. అప్పటికి అక్కడి స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు, చాలావరకు కుళ్లిపోయి ఉన్నాయి, పట్టాలను వాటి చోట పట్టి ఉంచింది ఎక్కువగా గడ్డి వేళ్లే. అదే ఏడాది పాత కోరిస్ లైను ఇంజన్లు రెండు తెచ్చారు. వాటిలో ఒకదాన్ని ఆ దారి మీదికి ఎక్కిస్తే, పట్టాల మధ్య ఎడం పెరిగి ఉండడం వల్ల చక్రాలు లోపలికి జారి కింద పడ్డాయి. చివరకు ఆ మొదటి సీజను భారం దాదాపు అంతా 1866 నాటి డోల్‌గోఖ్ అనే ముసలి ఇంజనే మోసింది. దారి బాగులేకపోతే ఎంత మంచి ఇంజను తెచ్చినా నిలబెట్టి చూసుకోవడానికే పనికివస్తుంది.

కనుక మీ ఇరవై రెండు మందిలో కనీసం పదిమందిని దారి పనికి అలవాటు చేయి. నాకు ఆ పని నేర్పిన పెద్దాయన సుత్తి పిడితో స్లీపర్ను తట్టి వినమనేవాడు. కింద కంకర నిండుగా ఉంటే మొద్దు శబ్దం వస్తుంది, ఖాళీ ఉంటే కుండను తట్టినట్టు బోలుగా మోగుతుంది. బోలుగా మోగినచోట జాకీతో పట్టాను కొద్దిగా లేపి, రెండు పక్కల నుంచీ పట్టా ఉన్నచోట స్లీపరు కిందికి కంకరను గునపంతో దట్టించాలి. స్లీపరు నడిమధ్యన మాత్రం దట్టించకూడదు. అక్కడ దట్టిస్తే స్లీపరు తక్కెడ దండెలా ఊగి, కొన్నాళ్లకు విరుగుతుంది. ఇద్దరు మనుషులు ఒక పూటంతా వంగి చేస్తే పది పన్నెండు స్లీపర్లు అవుతాయి. నీళ్లు నిలిచే చోట కాలువ తీయకుండా ఎంత దట్టించినా, ఒక్క వానాకాలానికి మళ్లీ మొదటికే వస్తుంది. అందువల్ల పాత కాలువల్లో పూడిక తీయించడంతో మొదలుపెట్టు.

ఇంజను దగ్గరికి వస్తే, నీకు తోలాలనే కోరిక ఉందని నాకు తెలుసు. తప్పేమీ లేదు, కాని మెట్లు వరసగా ఎక్కు. మొదట తుడిచేపని, తరువాత ఫైర్‌మన్, ఆ తరువాతే డ్రైవరు. తుడిచేటప్పుడే ఏ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, ఏ బోల్టు వదులైందో చేతికి తెలుస్తుంది. మంట వేసేముందు మొట్టమొదట చూడవలసింది బాయిలరులో నీటి మట్టం చూపే గాజుగొట్టాలను. రెండు గొట్టాల్లోనూ మట్టం సరిగా ఉందని నమ్మకం కుదిరాకే అగ్గిపుల్ల గీయాలి. పొయ్యి కప్పు మీద నీళ్లు లేకుండా మంట ఎక్కితే లోహం మెత్తబడి, ప్రాణాల మీదికి వస్తుంది. నూనె గుడ్డలు, ఎండు కర్రలు, వాటి మీద పలచగా బొగ్గు వేసి, నెమ్మదిగా కొన్ని గంటలపాటు వేడి చేయాలి. తొందరపడి ఒక్కసారిగా మంట పెంచితే, బాయిలరులో ఒక భాగం ముందుగా వ్యాకోచించి, దాని లోపల పొగ వెళ్లే ట్యూబుల చివరలు కారడం మొదలవుతుంది. తెల్లవారుజామున షెడ్డుకు రావడం బద్ధకమైతే ఈ పనికి పనికిరాము.

నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను. నేను తుడిచేపనిలో ఉన్న తొలి రోజుల్లో ఒకనాడు ఇంజను ముందుభాగంలోని పొగపెట్టెలో బూడిద ఎత్తి, తలుపు మూసి, పిడి బిగించి, పని అయిపోయిందనుకున్నాను. రైలు ఎక్కుడు మీదికి వెళ్లేసరికి ఆవిరి నిలవలేదు. ఫైర్‌మన్ ఎంత బొగ్గు వేసినా ఆవిరి పీడనం చూపే ముల్లు దిగిపోతూనే ఉంది. చివరకు బండిని దారిలో ఆపి, ఆవిరి పెరిగేదాకా కాచుకోవలసి వచ్చింది. సాయంత్రం డ్రైవరు నన్ను పిలిచి, తలుపు తెరిచి, అంచు మీద తన వేలితో రాసి చూపించాడు. బియ్యపు గింజంత బూడిద పలుకులు నాలుగైదు అంచుకు అంటుకుని ఉన్నాయి. వాటి వల్ల తలుపు పూర్తిగా మూసుకోక, సందుల్లోంచి గాలి లోపలికి పోయి, పొయ్యికి లాగుడు లేకుండా పోయింది. ఆయన కోప్పడలేదు. నా చేతిని పట్టుకుని, ఆ అంచు చుట్టూ నా వేలితోనే తుడిపించాడు. ఈనాటికీ పొగపెట్టె మూసేముందు వేలితో అంచు చుట్టూ తడిమి చూడనిదే నాకు తృప్తి ఉండదు.

ఆ డ్రైవరు బ్రిటిష్ రైల్వేస్‌లో జీవితమంతా ఆవిరి ఇంజన్ల మీద గడిపినవాడు. మా లైను తెరుచుకున్న ఆరు వారాలకు, 1968 ఆగస్టు 11న, వాళ్ల మెయిన్ లైన్ల మీద ఆవిరి బండ్లు ఆగిపోయాయి. చేతిలో విద్య ఉండి ఇంజను లేనివారు మా వద్దకు వచ్చారు. అది మా అదృష్టం. మీకు ఆ అదృష్టం లేదు తల్లీ. వారి దగ్గర నేర్చుకున్న మాబోటివాళ్లం మిగిలాం, మేమూ ఎనభై దాటుతున్నాం. మీ జిల్లాలో ఇలాంటి ముసలివాళ్లు ఎక్కడ ఉన్నా ఈ ఏడాదే వెళ్లి కలుసుకోండి, కుర్చీ వేసి షెడ్డులో కూర్చోబెట్టండి, వాళ్లు చెప్పేది రాసుకోండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. వేల్స్‌లోని బ్యారీ తుక్కు యార్డు నుంచి మొత్తం 213 ఇంజన్లు బతికి బయటపడ్డాయి. 1968 సెప్టెంబరులో అక్కడి నుంచి మొదట కదిలినది, 43924 నెంబరు ఇంజను, మా లైనుకే వచ్చింది. ఆ గర్వం మాకు ఉంది. కాని ఇంజను కొనడం పెళ్లి చేయడం లాంటిదైతే, బాయిలరును నిలబెట్టుకోవడం సంసారం లాంటిది. పదేళ్లకొకసారి బాయిలరును దింపి, ట్యూబులన్నీ లాగి, పూర్తిగా విప్పి పరీక్ష చేయించాలి. అందుకని మొదటి టికెట్టు అమ్మిన రోజు నుంచే బాయిలరు కోసం కొంత సొమ్ము విడిగా తీసి పెట్టండి, ఎంత ఇబ్బంది వచ్చినా దాన్ని ముట్టుకోవద్దు. రెండో ఇంజను ఆశ మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి. అనుమతుల విషయంలో మేము పాత లైట్ రైల్వే చట్టం కింద, గంటకు 25 మైళ్ల వేగం దాటకుండా నడిపాం. ఇప్పుడు మీకు 1992 నాటి ట్రాన్స్‌పోర్ట్ అండ్ వర్క్స్ చట్టం కింద ఉత్తర్వు కావాలి కనుక, మీలో కాగితం పని ఓపికగా చేసే ఒకరిని దానికే కేటాయించు.

ప్రయాణికుల గురించి ఒక్క మాట. 1970లో మా ఓక్‌వర్త్ స్టేషనులో తీసిన ‘ది రైల్వే చిల్డ్రన్’ సినిమా విడుదలయ్యాక జనం విరగబడి వచ్చారు. అప్పుడు మమ్మల్ని కాపాడినవాళ్లు టీ కాచినవాళ్లు, టికెట్లు కొట్టినవాళ్లు, మరుగుదొడ్లు కడిగినవాళ్లు. డ్రైవరుకు ఇచ్చే గౌరవంలో వీరికి రవ్వంత తగ్గించినా సంఘంలో పగుళ్లు వస్తాయి. మీ అత్తయ్య ఇరవై ఏళ్లు టికెట్టు కిటికీ దగ్గర కూర్చుంది. ఆదివారాలు బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చే తెలుగు డాక్టర్ల కుటుంబాలు పులిహోర డబ్బాలు తెచ్చి, పెట్టెలోనే విప్పి, గార్డుకు కూడా పెట్టేవారు. ఆ పిల్లల్లో ఇద్దరు పెద్దయ్యాక సిగ్నల్ పనికి వచ్చారు.

వచ్చే నెల మొదటి శనివారం నేను వస్తాను. కాలువల పూడిక ఎక్కడ ఎక్కువగా ఉందో అప్పటికి నడిచి చూసి, పటం మీద గుర్తులు పెట్టి ఉంచు. ఆ ట్యాంకు ఇంజనుకు ఇంకా బయానా ఇవ్వలేదు కదా, బాయిలరు ఇన్స్పెక్టరు వచ్చి చూసేదాకా ఇవ్వవద్దు. ఆయన వచ్చే రోజు నాకు ముందుగా తెలియజేస్తే, పొగపెట్టె లోపలికి దూరి ట్యూబుల చివరలు నేనూ ఒకసారి చూస్తాను. నా పాత టార్చిలైటు ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఆశీస్సులతో,
మామయ్య